వానను అడిగే వారం

నెల్లిమర్ల జూట్ మిల్లు వెనక, రెండో లైనులో
మా సమాజానికి పడమటి గోడే ముఖ్యం.
ఆ గోడ మీద సుద్దముక్కతో గీసిన బాణం.
అటు తిరిగి నిలబడి చదువుతాం.
బాణం సూటిగా పోతే ముందు తగిలేది
అప్పయ్యమ్మ గేదెల పాక,
తర్వాత లాకౌటైన మిల్లు గొట్టం,
ఆ తర్వాత, చాలా చాలా తర్వాత, యెరూషలేము.

లెక్కకి పదకొండు మందిమి.
మిల్లు పని కోసం గుంటూరు వైపు నుంచి వస్తూ
మా తాత రేకుపెట్టెలో తెచ్చుకున్న దేశం అది.
ఎవరం చూడలేదు.
చూడని ఊరి వాతావరణం మాత్రం మాకు కంఠతా వచ్చు.
పస్కా రాత్రి, వచ్చే ఏడు యెరూషలేములో, అంటాం.
మర్నాడు పొద్దున్నే
వచ్చే ఏటి చీటీపాటకి పేరిస్తాం.

పర్ణశాలల పండగ అయిన దగ్గర్నుంచీ
గాలిని వీయించువాడా, వానను కురిపించువాడా, అనాలి.
అక్కడి నేల అప్పటికి ఎండి నెర్రెలిచ్చి ఉంటుందట.
ఇక్కడ ఆశ్వయుజం.
చంపావతి గట్టు తెగడానికి సిద్ధంగా ఉంటుంది,
వరి పొట్ట మీద ఉంటుంది,
కోనాడ ఒడ్డున పడవలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

హుద్‌హుద్ ఏడాది మేం కట్టిన తాటాకు పర్ణశాల
ముందు లేచిపోయింది. దాని వెనకే రేకులు.
గోడ నిలిచింది. బాణం కారిపోయింది.
నాలుగో రోజున బురదలో నిలబడి
నఫ్తాలి మాస్టారు సరిగ్గా ఆ పేజీయే తెరిచాడు.
తడిసిన బియ్యం ఆరబోస్తున్న చేతులతో
కెజియా లేచింది:
"ఏటి మాస్టారూ, ఇంకా గాలే అడగమంటారా?
సాల్లేదేటి?"

ఎవరూ నవ్వలేదు.

"ఇది మన కోసం కాదమ్మా, అక్కడి చేల కోసం" అన్నాడాయన.
"మంచులో బతికినవాళ్ళూ అడిగారు,
ఇసకలో బతికినవాళ్ళూ అడిగారు.
మన రేకులు పోయాయని మనం మానేస్తామా?"

"అక్కడి సేలు ఎవులివి?"
కెజియా కూర్చోలేదు.
"టీవీలో సూసేను. ఓ ముసిల్ది, నా వొయిసే,
నరికేసిన ఆలివు సెట్టుని కావిలించుకుని ఏడుస్తంది.
మన వాన ఆ సెట్టుకీ పడతాదా, పడదా?
అది సెప్పండి, సదువుతాను."

కరెంటు చాలా రోజులు రాలేదు.
ఆ శుక్రవారం విశ్రాంతిదినపు దీపాలే మా దీపాలు.
ఆ వెలుగులో పదకొండు మందీ మూడు ముక్కలయ్యారు.
ఆషేరు, డిగ్రీ తప్పినవాడు, వెళ్ళిపోదాం అన్నాడు.
వాళ్ళ బావ ఉమ్మేసి వచ్చి అన్నాడు:
మూడు ఉత్తరాలు రాశాం,
మీరెవరు, రుజువేది అని అడిగారు గానీ
రండి అన్నారా?
ఎనభై దాటిన దెబోరమ్మ ఆలోచించి ఆలోచించి
"అక్కడ మెత్తళ్ళు దొరుకుతాయా?" అంది.
నేను ఎవరి వైపూ మాట్లాడలేదు.
తాళాలు నా దగ్గరుంటాయి.
తాళాలున్నవాళ్ళు మాట్లాడకూడదు.

తెల్లారి, విరిగిన సరుగుడు పక్కన
నెత్తిమీది కుచ్చు విప్పుకుని ఒక కూకుడుగువ్వ
మా గుమ్మం ముందు పురుగుల్ని తవ్వుకుంటోంది.
ఆషేరు చెప్పాడు, తుపానుకి పెట్టింది ఈ పిట్ట పేరేనట,
ఆ దేశం తన పిట్టగా ఎంచుకున్నదీ దీన్నేనట.
కెజియా దాన్ని చాలాసేపు చూసింది.
"అయితే ఆ ఊరే మనింటికొచ్చి ఎల్లిపోయిందన్నమాట,
రేకులట్టుకుని."

ఈసారి నవ్వాం. మాస్టారు కూడా.

బాణం మళ్ళీ ఆవిడే గీసింది, కొంచెం వంకరగా.
ఎవరూ సరిచెయ్యలేదు.
ఇప్పటికీ ఆ వారం వస్తే
గాలి అన్న మాట దగ్గర మాస్టారి గొంతు తగ్గుతుంది.
ఆ సందులో కెజియా "నెమ్మదిగా" అంటుంది,
పుస్తకంలో లేని మాట.
అది బాణం వెంట పోతుందో
గేదెల పాక దగ్గరే ఆగుతుందో నాకు తెలీదు.
నేను తలెత్తి
రేకుల మీది ఇటుకలు లెక్కపెడుతుంటాను.