ఫిట్ అంటే ఏమిటి

పీటర్‌హెడ్ రేవులో నా మొదటి చలికాలం.
ఫిజియో గది తలుపు తోసుకొచ్చిన ప్రతి మనిషీ
కోటు విప్పకముందే అడిగేది ఒకటే: "ఫిట్ లైక్?"

ఫిట్‌గానే ఉన్నానండీ, అనేదాన్ని.
వారానికి మూడు రోజులు లైట్‌హౌస్ దాకా పరుగు, అని
ఓ ముసలి సరంగుకి వేళ్ళు మడిచి మరీ చెప్పాను.
ఆయన టోపీ తీసి, బుర్ర గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

చివరికి ఎల్స్పెత్‌ని పట్టుకున్నాను.
ముప్ఫై ఆరేళ్ళుగా చేపల షెడ్డులో
హాడక్ ముళ్ళు తీసే చెయ్యి ఆమెది. ఇప్పుడది
భుజం దగ్గర ఆగిపోయింది.
"ఫిట్ అంటే ఏమిటి?"
"ఊఁ. ఫిట్ అంటే ఏమిటి."
"అదే నేనడిగేది."
"అదే నేను చెప్పేది, పిల్లా.
మా వైపు 'ఏమిటి'ని ఫిట్ అంటాం.
ఏమిటి సంగతి అని పలకరిస్తే
నీ పరుగుల పద్దు ఎవడిక్కావాలి?"

నవ్వింది. నవ్వితే భుజం కలుక్కుమంది.

ఆమె మనవరాలు మోరగ్‌కి ఫిట్ అంటే
అబర్దీన్ బస్సులో చెవిపోగు కుర్రాడు.
నేను పుట్టిన చోట ఫిట్స్ అంటే
నురగ, మూగే జనం, పిడికిట్లో తాళాల గుత్తి.
ఫిట్టింగ్ పెట్టడమంటే తిరకాసు.
ఆ తిరకాసు
డాక్టరు రాసిచ్చిన కాగితంలోనే ఉంది:
పనికి ఫిట్ కాదు.
పనికి ఫిట్ కావచ్చు.
రెండో గడిలో టిక్కు.
ఫిట్ అని ఊరికే చెప్పే గడి
ఆ కాగితం మీద లేనే లేదు.

"కావచ్చు అంటే, ఎంత ఎత్తు వరకు?"
షెడ్డులో రబ్బరు ఏప్రన్ తగిలించే మేకు
ఎక్కడుంటుందో ఎడమ చేత్తో చూపించింది.
గోడ మీద పెన్సిల్ గీత పెట్టాను.
తొమ్మిది వారాలు ఆ గీత కోసం.
ఐసు సంచి, అంకెలు నావి, తిట్లు ఆమెవి.
రెండు వేళ్ళ కింద ఆగింది చెయ్యి.
సోమవారం పనికెళ్ళింది.
మేకునే కిందికి కొట్టించుకుందట.

సాయంత్రం బస్టాపులో, మణికట్టు మీద ఒక పొలుసు మెరుస్తూ.
ఈసారి ముందు నేనే: "ఫిట్ లైక్?"
"చావిన్ అవా."
అందులో చావు వినపడి ఉలిక్కిపడ్డాను.
కాదట. ఈడ్చుకొస్తున్నా, లాక్కొస్తున్నా, అని.
చస్తూ బతుకుతున్నాం అంటామే,
దానికి పక్కింటి మాట.

"మరి నువ్వో?"
లైట్‌హౌస్ నోటిదాకా వచ్చింది. మింగేశాను.
"ఎడమ మోకాలు. పది రోజులుగా.
ఎవరికీ చెప్పలేదు."

ఆమె జరిగి, బెంచీ మీద చోటిచ్చింది.