దమ్ము పట్టు

ఇరవై తొమ్మిదేండ్లు
బల్లార్షా బొగ్గు దవాఖాన ఎక్స్‌రే గదిలో
నేనన్న మాట ఒకటే.
దమ్ము పట్టు. కదలకు. ఇగ ఇడువు.
మరాఠీవాళ్లకు శ్వాస్ రోఖా.
ఏ భాషా అందనివాడికి
నా ముక్కు నేనే మూసి చూపెట్టేదాన్ని.

ఇప్పుడు అదే మాట నాకు నేను చెప్పుకుంటున్న
అద్దింటి పెరట్లో, బట్టల తీగ కింద,
ముక్కాలిపీట మీద.
కెమెరా ఎవరో వాడి వదిలేసింది. అద్దం మీద సన్నటి గీత.
ఆ గీత ప్రతి పిట్ట మీదా పడ్తది,
అందుకే నా పిట్టలన్నీ
ఎక్కడో ఒకచోట కొంచెం విరిగినట్టుంటయి.

మే నెల. ఏడు గంటలకే గోడ కాలుతున్నది.
నీళ్లు పోసి ఎనామిల్ ట్రే పెట్టిన.
కంప్యూటర్ మిషను వచ్చినంక
ఫిల్ములు కడిగే ట్రేలు బయట పారేస్తుంటే
ఒకటి కొంగు చాటున తెచ్చుకున్న,
చింతపండుతో ఏడుసార్లు తోమిన.
ఎర్రబల్బు వెలుగులో ఇందులోనే
పక్కటెముకలు మెల్లగ తేలి వచ్చేవి.
ఇప్పుడు రెండు పిగిలిపిట్టలు మునిగి లేచి
నా కళ్లద్దాల నిండా చిలకరిస్తున్నయి.
అవి పోయినంక చూస్తే ట్రే అడుగున నల్లటి మడ్డి.
మా ఊళ్లో కొంగను చూపించి
తెలుపంటే ఏందో పిల్లలకు నేర్పొద్దు.

నందివర్ధనం కొమ్మకు
ఆకును దొన్నెలెక్క మలిచి కుట్టింది కుట్టుపిట్ట.
మరాఠీలో దాని పేరు శింపీ, దర్జీ అన్నట్టు.
పొద్దుగూకే దాకా కాపు కాసి అరవై రెండు ఫోటోలు తీస్తే
అరవై ఆకులు,
ఒకటి తోక,
ఒకటి నా బొటనవేలు.

తెల్లారి పార్కు.
గాలి ఎటు తిరిగితే అటు కాగితం మిల్లు వాసన.
కాపలా దేవాజీ మడావి నన్ను చూడంగనే
గేటు పక్క పొదవైపు గడ్డంతో సైగ చేస్తడు:
భారద్వాజ్!
మేమైతే జెముడుకాకి అంటం.
గోండులో వాళ్ల నాయనమ్మ పిలిచే పేరు ఇంకోటుందట,
మూడుసార్లు చెప్పించుకున్నా నా నోటికి రాలే.
ఋషికీ కాకికీ మధ్య
అది ఎర్రకళ్లు చేసి తొండను మింగుతున్నది.
తొండ తోక ఇంకా బయటనే ఉంది.

మూడో బెంచీ మీద ఓదేలు.
గని లోపల టబ్బులు లాగే తాడు దగ్గర పనిచేసినోడు.
గేటు నుంచి మొదటి బెంచీ, అక్కణ్నుంచి రెండోది,
ఊపిరి అప్పు తెచ్చుకున్నట్టు
ఒక్కో బెంచీ దగ్గర ఆగి ఆగి వస్తడు.
ఎన్నడో ఆయన ఫిల్మును వెలుగు పెట్టె మీద పెట్టి చూసిన.
రెండు పక్కలా చుక్కలు,
జొన్నచేను మీద వాలిన మంద.
చదివి చెప్పాల్సింది డాక్టరు, నేను కాదు.
ఏం పడ్డది అక్కా, అనడిగిండు.
మంచిగ పడ్డది, అన్న.
ఫోటో గురించే అన్న.

ఓదేలు కదలడు. కదిలితే దమ్మొస్తది.
అందుకేనేమో నల్లంచి ఆయన చెప్పు దాకా వస్తది,
తోక నిక్కించి, కింద దాచుకున్న ఇటుకరంగు చూపెట్టి
చెప్పు అంచున చీమనొకదాన్ని ఏరుకున్నది.
ఇన్నేండ్లు నేను వంగి, పాకి, పొదల చాటున నక్కినా
రానంత దగ్గర.
మోకాళ్ల మీద కూసున్న.
దమ్ము పట్టిన.

టిక్.

ఏం పడ్డది అక్కా?
అదే గొంతు, సగానికి అరిగింది.
ఈసారి కెమెరా ఆయన చేతికే ఇచ్చిన.
చెప్పు ఉంది. మడమ పగుళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.
పిట్ట ఉండాల్సిన చోట నల్లటి మరక.
ఊగింది, అన్న.
పిట్ట కాదు, నా చేతులు.

చాలాసేపు చూసిండు.
మమ్మల్ని మాత్రం దమ్ము పట్టమంటివి, అని
నవ్వబోతే దగ్గు.
నల్లంచి లేచిపోయి కంచె మీద కూసున్నది.
దగ్గు ఆగేదాకా అక్కడనే ఉండి
మళ్లా దిగింది, చెప్పు దగ్గరికి.

కెమెరా ఆయన ఒడిలోనే ఉంది.