కదలని శకటు

చియాతురాలో చలికాలం నాలుగింటికే చీకటి.
గని క్యాంటీన్ మీది గదిలో ఆరు బల్లలు, ఒక కట్టెల పొయ్యి,
కిటికీ తెరిస్తే నది మీంచి మాంగనీసు వాసన.
షాల్వా ఎప్పటిలాగే తెల్లపావులు తీసుకున్నాడు.
ముప్పయ్యేళ్ళు గని లెక్కలు రాసినవాడు,
బంటునైనా రసీదు చింపి ఇచ్చినట్టు జరుపుతాడు.

నేను లామారాని. కొండకీ కొండకీ మధ్య
రోప్‌వే పెట్టెలు నడిపాను, తీగ తెగిన ఏడాది దాకా.
అప్పట్నుంచి కుడిచేతికి మూడు వేళ్ళు.
నల్లపావుల వెనక కూర్చుంటే
మంత్రి పక్క నా కుడిచేతి వైపు పడుతుంది.
అతని బంట్లు వచ్చేదీ అటే.
ముందొకటి, దాని భుజం రాసుకుంటూ ఇంకొకటి,
వెనకాల ఏనుగు, తొందరేం లేనట్టు.

పదకొండేళ్ళు నేను చేసింది ఒకే తప్పు.
అతను గడి జరిగితే నేను గడియ పెట్టేదాన్ని.
ఇంకో గడి, ఇంకో గడియ.
ఇల్లంతా గడియలే అయ్యేవి, నేను లోపలే ఓడిపోయేదాన్ని.

ఆ గురువారం పెట్టలేదు.

మధ్యలో నాలుగు బంట్లు కొమ్ములు ఆనించి బిగుసుకున్నాయి.
నడిదారి మూసుకుంటే యుద్ధం అంచులకి పోతుంది.
అతనిది ఆ అంచు, నాది ఈ అంచు.
నా రాజు ముంగిట కాపలా ఉన్న బంట్లనే
కాపలా మాన్పించి పంపాను.
రాజు చలిలో చొక్కా లేకుండా నిలబడ్డాడు.

"అత్తా, అటు ఇల్లు దోచేస్తున్నారు," అన్నాడు
పక్కన కూర్చున్న పదమూడేళ్ళ బెసో.
"దోచుకోనీ. అక్కడ సామాను తక్కువ."
అబద్ధం. అక్కడ మూలన ఏనుగుంది.
ఒక గడి అవతల, ఆట మొదలైన దగ్గర్నుంచి
పుట్టినింటి నుంచి కదలని తెల్లగడి శకటుంది.

షాల్వా గుర్రం సందు దొరికి లోపలికొచ్చింది.
ముందు రెండు దారులు:
ఒకటి ఏనుగు మీదికి, ఒకటి శకటు మీదికి.
అతను కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
ఏనుగు ఐదు. శకటు మూడు.
లెక్కలవాడు కదా, ఐదు రాసుకున్నాడు.

దానికి అతనికి రెండు ఎత్తులు పట్టాయి.
ఆ రెండూ నావి.
నా బంటు ఒక గడి, మళ్ళీ ఒక గడి,
అతని గుమ్మంలోని బంటు పక్కనుంచే దాటిపోయింది.
అది లేచిన చోటు ఖాళీ.
ఆ ఖాళీలోంచి, ఆ కొసనుంచి ఈ కొసకి, ఏటవాలుగా
నాకు మాత్రం కనిపించింది తీగ.

ఎడమచేత్తో శకటును తీశాను.
ఐదు గడులు, ఒక్క ఊపు, లోయ మీంచి పెట్టె పోయినట్టు.
అతని బంటును తింది. ఇంకో బంటు దాన్ని తింది.
అంచున కాచుకున్న నా మంత్రి ఆ గడిలో దిగాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.
పొయ్యి వెలుగులో ఎవరమూ కదల్లేదు.
షాల్వా అగ్గిపుల్ల గీశాడు, అది వేలిదాకా కాలేవరకూ చూశాడు,
చీకట్లోనే రాజును పడుకోబెట్టిన చప్పుడు.
"నువ్వసలు ఇటు చూడనే లేదు."
"చూశాను షాల్వా. పదకొండేళ్ళు అటే చూశాను."

కొవ్వొత్తి వచ్చాక బెసో పావులు వెనక్కి పేర్చాడు,
గుర్రాన్ని రెండో దారిలో పెట్టాడు, శకటు మీదికి.
"ఇలా వచ్చుంటే?"
చాలాసేపు చూశాను.
"ఓడిపోయేదాన్ని. ఒక్క ఎత్తులో."

షాల్వా ఏమీ అనలేదు.
కోటు జేబులోంచి పాత రసీదొకటి తీసి
దాని వెనక ఏదో రాసుకుంటున్నాడు.