ఒక గ్రోష్ తక్కువ

రాత్రి రెండు దాటాక
అతను మళ్ళీ ధర దించాడు.
డజను ఆకుపచ్చ గాజు గుండీలు:
నావి పదకొండు జ్లోటీలు,
అతనివి పది జ్లోటీల తొంభైతొమ్మిది గ్రోష్‌లు.
ఒకే ఒక్క గ్రోష్.
వీధిలో పడి ఉంటే ఎవరూ వంగి తీయని నాణెం.

నేను వంగి తీశాను.
నావి తొంభైఎనిమిది.

ఇది వూచ్ నగరం.
మా అమ్మ లియోకాడియా
ముప్పై ఏళ్ళు మగ్గాల మోతలో నిలబడి
రెండు చెవులూ మిల్లుకే వదిలేసి వచ్చింది.
మిల్లు మూసిన రోజున ఆఖరి జీతం బదులు
కుట్టు షెడ్డులో మిగిలిన మూడు బస్తాల గుండీలిచ్చారు.
ట్రాములో వేసుకొచ్చింది.
దారంతా గలగలమంటుంటే జనం తిరిగి చూశారట.
ఆమెకు వినపడలేదు.

ఆ బస్తాలే నా కొట్టు.
కొట్టంటే వంటింటి బల్ల, ఒక దీపం, ఫోను,
గుండీ పక్కన పిల్లల స్కేలు.
ఫోటో మూలన కనపడే బొటనవేలు నాదే,
గోటి మీద మిషను సూది దిగిన మచ్చతో సహా.

నవంబరులో అతని పేజీ తెరిస్తే
అక్కడా నా వేలే.
అదే గోరు, అదే మచ్చ.
నా వేలే నా గిరాకీని పిలిచి
పక్క కొట్టుకి దారి చూపిస్తోంది.

కోపం రాలేదంటే అబద్ధం.
ఒక డజను తెప్పించాను, చెల్లెలు బ్రోనిస్వావా పేరు మీద.
దానికి ఇంకా చెప్పలేదు.
కవరులో పన్నెండు గుండీలు.
ఒకటి పంటికి ఆనించి చూశాను.
గాజైతే చల్లగా ఉంటుంది, టక్కుమంటుంది.
ఇది పెరుగు డబ్బా మూతలా మెత్తగా నోరు మూసుకుంది.
తపాలా ముద్ర చదివాను: ఝ్గెజ్.
సముద్రాల అవతల కాదు.
మా ట్రాము పట్టాలు ఆగిపోయే చోటు.

"ధర దించకు పిన్నీ, కథ చెప్పు" అన్నాడు గెర్వాజీ.
వాడికి కొట్టు లేదు.
సరేనని గుండీల కింద అమ్మ చెవుల గురించి రాశాను.
ఒకావిడ చదివి అడిగింది:
పార్సిలు ఖర్చు మీదేనా?

చలికాలమంతా అంతే.
రెండింటికి అతను, రెండుంపావుకి నేను.
నిద్ర పట్టని రాత్రి ఐదారు సార్లు.
గోడ అవతలి దగ్గు విని
వాళ్ళూ మేలుకునే ఉన్నారనుకునే ఇరుగుపొరుగులా
బతికాం.
మంగళవారాలు మాత్రం అతను దించేవాడు కాదు.
ఎక్కడికి వెళతాడో నాకనవసరం.
అయినా ఆలోచించాను. ఆసుపత్రేమో. రాత్రి డ్యూటీయేమో.
తాగుడేమో అనీ అనుకున్నాను, ఒళ్ళు మండిన పూట.

ఫిబ్రవరిలో ఒక గురువారం
ఎనిమిది అరవై దగ్గర ఆగిపోయాడు.
నాది యాభైతొమ్మిది.
మూడు దాకా చూశాను.
టీ చల్లారింది.
శుక్రవారమూ లేదు.
పది రోజులకి పేజీలో రెండే మాటలు: సరుకు లేదు.
నా బొటనవేలు మాత్రం అక్కడే ఉంది,
ఖాళీ కొట్టుకి కాపలా.

గెలిచావంది బ్రోనిస్వావా.
కవరు, టేపు, తపాలా పోను
డజనుకి నాకు మిగిలేది పదకొండు గ్రోష్‌లు.
గెలుపు అంత బరువుంది.

ఆ రాత్రి అతనికి రాశాను:
"మీ గుండీలు పంటికి మెత్తగా ఉన్నాయి.
నా దగ్గర గాజువి ఇంకా బస్తాన్నర ఉన్నాయి.
టోకుకిస్తాను. ఫోటో మీరే తీసుకోండి.
మంగళవారం కాకుండా ఎప్పుడైనా రండి."

జవాబు లేదు.
ధర మీద వేలు పెట్టి
ఒక్క గ్రోష్ పెంచాను.
ఎవరూ దించలేదు.

తెల్లారి బోణీ అయింది.
ఆకుపచ్చవి కాదు.
ఎవరిదో కోటుకి
ఊడిపోయిన ఒకే ఒక్క నల్ల గుండీ.