గోరు

బోనవిస్టాలో ఏప్రిల్ వచ్చినా
రోడ్డు మీద ఇంకా ఉప్పే.
చలికాలమంతా లారీలు చల్లిన ఉప్పు,
అది చాలదన్నట్టు సముద్రం ఎగజిమ్మిన ఉప్పు.
ఇక్కడ ఇనుము ముసలిదవడానికి
మనిషికి పట్టినంత కాలం అక్కర్లేదు.

లియాండర్ టిల్లీ కారు, ముందు కుడి చక్రం
ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది.
ఎడమది చల్లగానే ఉంది.
సగం రోగం అక్కడే తెలిసిపోయింది.

"ఆగటం లేదా?" అన్నాను.
"ఆగుతోంది మేవిస్. మళ్లీ కదలనంటోంది."

బ్రేకు చెడిందంటే
పట్టు తప్పిందనుకుంటారు అందరూ.
నా ముప్పై ఏళ్ల పనిలో
పట్టుకోలేక చచ్చిన కాలిపర్లు తక్కువ.
వదల్లేక చచ్చినవే ఎక్కువ.

రెండూ విప్పి తెచ్చి బల్ల మీద పెట్టాను.
కుడిదాని బ్లీడర్ మర మొండికేసింది.
మంట చూపించి, చల్లారనిచ్చి, నూనె పట్టించి,
బతిమాలి, తిట్టి,
టీ తాగి వచ్చి మళ్లీ తిట్టి తిప్పితే
కుయ్యిమంటూ లొంగింది.
గాలి గొట్టం పెట్టి కొడితే పిస్టన్
అడ్డం పెట్టిన చెక్కముక్క మీదికి ఠప్పున దూకింది.
(అక్కడ వేళ్లు పెట్టకూడదని
నాన్న ఒక్కసారే చెప్పాడు.
ఆయన చూపుడువేలు సగమే ఉండేది.)

ఓ రబ్బరు వలయం, ఓ దుమ్ము తొడుగు,
చిటికెడు గ్రీజు: పద్దెనిమిది డాలర్లు.
కొత్త కాలిపర్ నూట నలభై,
గురువారం వ్యానులో సెయింట్ జాన్స్ నుంచి రావాలి.
పాతది వాపసిస్తే నలభై తిరిగొస్తుంది.

లియాండర్ పద్దెనిమిది వైపే చూస్తున్నాడు.
"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?"
"ఆ మాట గోరే చెప్పాలి" అన్నాను.

మెరుపు చూసి కన్ను మోసపోతుంది.
అందుకే కళ్లు మూసుకున్నాను.
బొటనవేలి గోరు పిస్టన్ మీద మెల్లగా నడిపించాను.
పై అంచున గరుకు.
పర్వాలేదు, అక్కడిదాకా ద్రవం రాదు.
ఇంకాస్త కిందికి, రబ్బరు కూచునే చోట,
టిక్.
వెనక్కి వచ్చి మళ్లీ.
టిక్.

"గరుకు కాగితంతో రుద్దితే?"
"తుప్పు పోతుంది. గుంట పోదు."

ఆ వలయాన్ని ఎవరూ మెచ్చుకోగా వినలేదు నేను.
బ్రేకు తొక్కితే పిస్టన్‌తో పాటు
అదీ కాస్త మెలిపడుతుంది.
కాలు తీయగానే తన ఆకారం తనకు గుర్తొచ్చి
పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది.
చక్రం తిరగడానికి
ఆ వెంట్రుకవాసే దారి.
గుంట మీద కూచున్న రబ్బరుకి
ఎన్నాళ్లని గుర్తుంటుంది?

ఎడమదాని మీద గోరు
నీళ్ల మీద నడిచినట్టు జారిపోయింది.
"అదేంటి, రెండూ ఒకేరోజు పుట్టాయి కదా!"
"నువ్వు రోడ్డంచునే పోతావు లియాండర్.
గుంటల్లోని ఉప్పునీళ్లన్నీ కుడిదే తాగింది."

రాత్రి పదకొండింటికి పీతల ఫ్యాక్టరీ షిఫ్టు దిగితే
ఈ కారులోనే ఇళ్లకి చేరతారు
ఫిలిస్, డల్సీ, డల్సీ చెల్లెలు,
మనీలా నుంచి కొత్తగా వచ్చిన ఆర్లీన్.
నలుగురి పేర్లూ వరసగా అన్నాను, అంతే.
అతను టోపీ తీసి తల గోక్కున్నాడు.
"ఎడమదానికి పద్దెనిమిది. కుడిదానికి కొత్తది.
గురువారం దాకా మా ఆయన ట్రక్కు తీసుకుపో."

గురువారం కొత్తది వచ్చింది,
ఎవరింటికో పొరపాటున వచ్చిన చుట్టంలా
తళతళలాడుతూ.
బిగించాను. గాలి బుడగలు పోయేదాకా
లియాండరే పెడల్ తొక్కాడు, నేను లెక్కపెట్టాను.

పాతదాన్ని వాపసు డబ్బాలో పెట్టబోతుంటే
చెయ్యి అడ్డం పెట్టాడు.
"రెండేళ్ల కింద పొగమంచులో
మూస్ దుప్పి ఎదురొచ్చినప్పుడు
జానెడు దూరంలో ఆపింది ఇదే."
"నలభై డాలర్లు పోతాయి."
"పోనీ."

పద్దెనిమిది కోసం అంత బేరమాడినవాడు
దాన్ని పాత పేపర్లో చుట్టి
పక్క సీట్లో పెట్టుకున్నాడు.
బెల్టు కూడా పెట్టాడేమో, నేను చూడలేదు.

గేటు దగ్గర ఒకసారి తొక్కి చూసుకున్నాడు.
ఎర్రదీపం వెలిగింది.
ఆరింది.
కారు కదిలింది.