చెక్కుబంది

ముప్పై ఒక్క ఏండ్లుగా రాయదుర్గం రిజిస్ట్రారాఫీసు ఎదుట
రేకుల పంచలో దస్తావేజులు రాస్తున్నాను.
సెంటు భూమికి అన్నదమ్ములు తలలు పగలగొట్టుకుంటే చూసినవాణ్ణి.
గట్టు మీది వేపచెట్టును కొమ్మకొమ్మగా పంచినవాణ్ణి.

ఆ బుధవారం దూదేకుల దస్తగిరమ్మ వచ్చింది.
కొంగుముడి విప్పి పాసుపుస్తకం బల్ల మీద పెట్టింది.
"ముప్పైఎనిమిది ఎకరాల పద్నాలుగు సెంట్లు.
దానపత్రం రాయప్పా."

ఎవరికమ్మా?
"ఆడుండేటోళ్ళకే."
ఎవరుండారు ఆ బీట్లో?
"తోడేళ్ళు. గుంటనక్కలు. జింకలొక ఇరవై.
ఉడుములు లెక్క తెలీదు.
అలుగు ఒకటుండాది, నేను రెండుసార్లే చూసినా."

నవ్వాను. నక్కకు ఆధారు కార్డు లేదు కదమ్మా అన్నాను.
ఆమె నవ్వలేదు.
వెనక నిలబడిన మనవడు, జీన్సు ప్యాంట్లు కుట్టే పిల్లవాడు,
వేళ్ళకంటిన నీలం రంగు చూసుకుంటున్నాడు.
గాలిమరల కంపెనీ ఎకరాకు ఎంత చెప్పిందో
వాడికి కంఠతా వచ్చు.

చివరికి కాగితం కోసం గొర్రెలకాపర్ల సంఘం పేరు రాశాం,
అడవిజీవాల తరఫున కావలి అని.
వేట లేదు. గొడ్డలి లేదు. నాగలి లేదు.
కంచె?
"వద్దు. వాళ్ళు వచ్చి పోవాల కదా."

తూర్పు: కురుబ సిద్దలింగప్ప సేను.
దక్షిణం: బండిబాట.
పడమర: నల్లగుట్ట.
ఉత్తరం దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపింది.
"వంక అని రాయి. ఎండిన వంక అని రాయొద్దు.
వచ్చినప్పుడు వస్తాయి నీళ్ళు."

అలవాటు కొద్దీ కలం సాగిపోయింది:
మీ యందు గల ప్రేమాభిమానములచేత...
"ప్రేమ యాడిదబ్బీ! కొట్టెయ్. అప్పు అని రాయి.
నా మొగుడు పోయిన ఏడు చినుకు రాలలే.
ఆ బీడే బలుసాకు పెట్టె, కలేకాయలు పెట్టె,
పొయ్యిలోకి పుల్ల ఇచ్చె.
ముగ్గురు పిల్లోల్లను నేను సాకలే, అది సాకె.
ఏటా తోడేలు ఎత్తకపోయిన గొర్రెపిల్లలు వడ్డీ.
అసలు ఇప్పుడిస్తాండా."

అప్పు అనే కాలం దానపత్రంలో లేదు.
మార్జిన్‌లో రాశాను.

నిధి నిక్షేప జల తరు పాషాణ సహితంగా,
పుత్రపౌత్ర పారంపర్యంగా...
వేలసార్లు రాసి అరిగిపోయిన మాట
ఆ పూట బొరియలోకి దిగి
కళ్ళు తెరవని కూనల దాకా పోయింది.

వేలిముద్ర వేసి, బొటనవేలు జుట్టుకు తుడుచుకుని
ఒంటిగంట బస్సుకు పోయిందామె.

మాఘంలో ఒకసారి పోయాను. పని లేదు, ఊరికే.
నిజం చెప్పాలంటే ఏమీ కనబడలేదు.
ఒక్క జింకా లేదు.
నక్క వదిలిన ఎండు పెంటలో రేగు గింజలు.
ఏనాడో నీళ్ళు పడని బోరుగొట్టంలో
ఏదో సర్దుకుని పడుకున్న చప్పుడు.
దూరంగా గాలిమరలు,
అవతలి గుట్ట మీదే ఆగిపోయి.

హద్దురాయి దాటబోయి, ఎందుకో, ఆగాను.
అడగడానికి ఎవరూ లేరు.
అడక్కుండా పోబుద్ధి కాలేదు.

కాలికి పల్లేరుకాయ గుచ్చుకుంది.
పీకి, చూసి,
హద్దు లోపలికే వేశాను.