రిమార్కుల గడి

చాదర్‌ఘాట్ వంతెన దిగి ఎడమకు తిరిగితే
ప్రసూతి ఆస్పత్రి. రెండో అంతస్తులో
లిఫ్టు చెడిపోయిన వైపు నా గది.
ఒక కంప్యూటరు, ఒక ఇనుప బీరువా,
చాయ్ మరకలున్న మూడు రిజిస్టర్లు.
కాన్పులో ఎవరికి నెత్తురు ఆగలేదో,
ఎవరికి పారాల్సిన చోట గడ్డకట్టిందో
వాళ్ళందరినీ రాయడం నా పని.

పేరు రాయను. పేరుకు బదులు నంబరు.
వయసు. ఎన్నో కాన్పు. పోయిన నెత్తురు ఎంత?
ఆ గడి నింపడానికి ఎస్తేరమ్మ సిస్టరు
తడిసిన గుడ్డల్ని తూకం వేస్తుంది,
కంసాలి తరుగు తీసినట్టు
పొడిగుడ్డ బరువు తీసేసి
గ్రాముల్లో చెబుతుంది.
రాస్తున్నప్పుడు మా ఇద్దరికీ మాటలుండవు.

"చిన్నప్పటినుంచీ నెలసరి ఎక్కువ పోయేదా?"
అని అడగమంటుంది ఫారం.
బోరబండ నుంచి వచ్చిన పిల్ల
తిరిగి నన్నే అడిగింది:
"మా ఇంట్ల అందరికీ తొమ్మిది దినాలు గిట్లనే అక్కా.
మా అమ్మకు గిట్లనే, పెద్దమ్మకు గిట్లనే.
మరి తక్కువంటే ఎట్లుంటది?"
అవును, కాదు. రెండే గళ్ళు.
ఆమె ప్రశ్న పట్టే గడి లేదు.

కార్వాన్ ఆమెకు గర్భాలు నాలుగు,
బతికిన పిల్లలు సున్నా.
ఐదోది కడుపులో ఉండగా
రోజుకో సూది, తనకు తానే, పొట్ట మీద.
చీర కొంచెం జరిపి చూపించింది
నీలం, ఆకుపచ్చ, మానుతున్న పసుపు.
"లెక్క తప్పలేదు మేడం, నూట అరవై ఒకటి" అంది,
పరీక్ష రాసొచ్చిన పిల్లలా.

కాన్పయిన ఆరు వారాలకు ఫోన్ చేయాలి.
కొన్ని మోగుతాయి. కొన్ని భర్తలు ఎత్తుతారు.
కొన్ని అసలు లేనే లేవంటాయి.
'ఆచూకీ లేదు' అని రాసిన ప్రతిసారీ
కిటికీ అవతల మెట్రో పోతుంది.
అందులో ఎక్కడో ఆమె నిలబడి ఉందనుకుంటాను,
భుజాన బిడ్డతో,
సిమ్ము మార్చుకుని,
బతికి.

బోరబండ పిల్లకు మాత్రం ఫోన్ చేయలేదు.
నలభై రెండో నంబరు.
ఆమె వరుసలో గళ్ళన్నీ నిండినై, చివరిది కూడా.
రిమార్కుల దగ్గర పెన్సిల్‌తో రాశాను:
చెల్లె ఉన్నది. తొమ్మిదో తరగతి.
ఊకె ముక్కుల నుంచి నెత్తురు పోతదట.
అట్లాంటివి రాయకూడదు.
నిఖత్ మేడం చూసింది, కళ్ళద్దాలు తుడుచుకుంది,
చెరపమని అనలేదు.

ఏడేళ్ళ తర్వాత ఒక ముసురు పొద్దున
ఓపీ చీటీ పట్టుకుని ఒకమ్మాయి. ఐదో నెల.
"అక్కచెల్లెళ్ళున్నారా?"
"అక్క ఉండె."
"ఏ ఆస్పత్రి?"
"గిదే."
పేరు అడిగాను. అనసూయ, అంది.
నా నలభై రెండుకు
ఒక పేరుండేదని అప్పుడు గుర్తొచ్చింది.
బీరువా తాళం రెండుసార్లు తప్పుగా తిప్పాను.

తర్వాత అంతా మామూలు పనే.
పరీక్షలు, సంతకాలు, ఫాక్టరు కోసం ఇండెంటు,
స్టోర్స్ గుమాస్తాతో నిఖత్ మేడం గొడవ.
కాన్పు రాత్రి లేబర్ రూము గుమ్మం పక్కన
ఐసు డబ్బాలో చిన్న సీసాలు,
కొరియర్ పార్సిల్ అంత బిత్తరగా.

తెల్లారి ఎస్తేరమ్మ తూకం చీటీ ఇచ్చింది:
మూడు వందల పది.
ఇంకోసారి తూచమన్నాను. కోపంగా చూసింది,
తూచింది. మూడు వందల పది.

వార్డులో ఆ అమ్మాయి, పక్కన గుప్పెడంత కూతురు.
"గదంటే ఎక్కువనా అక్కా?"
గొంతు పెగల్లేదు, తల అడ్డంగా ఊపాను.

గదికొచ్చి కంప్యూటరులో అంకె వేశాను.
పాత రిజిస్టరు తీసి
నలభై రెండో వరుస చివర, చోటు లేకపోయినా,
పెన్సిల్ చెక్కుకుని రాశాను:

అనసూయా,
తక్కువంటే ఇట్లుంటది.